మాకు దఖలు నేదు

మా అత్త పొలం ఏడాదిలో సగం పైన నీళ్ళ కిందే ఉండేది. ఈ మాట చెబితే గుణుపురంలో ఉన్న మా చుట్టాలకి ఎప్పుడూ నవ్వే. వాళ్ళవి పట్టా ఉన్న పొలాలు, గట్టున్న పొలాలు. పెళ్ళిళ్ళలో అత్తని పక్కన కూచోబెట్టుకుని, "ఏటొదినా, ఈ ఏడు మీ పొలానికి ఈత వచ్చిందా?" అని అడిగేవాళ్ళు. "వచ్చింది. మీదాన్ని కూడా పంపించండి, నేర్పిస్తాను," అనేది అత్త, విస్తరి మీంచి తలెత్తకుండా.

అత్త అంటే మా నాన్న అక్క. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న దామంజోడిలో ఒక కాంట్రాక్టరు కింద కరెంటు పని చేసేవాడు, నలుగురు మగాళ్ళతో ఒకే గదిలో ఉండేవాడు. ఆడపిల్లని అక్కడ ఎక్కడ పెట్టుకుంటాడు? తెచ్చి అక్కకి అప్పజెప్పాడు. అత్తకి పిల్లలు లేరు, మొగుడు జ్వరం వచ్చి ఎప్పుడో పోయాడు. నన్ను పెంచింది ఆవిడే. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చేసిన పని చదివేటప్పుడు ఇది మీకు గుర్తుండాలి.

మా ఊరు నందపూర్‌కీ లమ్తపుట్‌కీ మధ్య, డ్యామ్ నీళ్ళు కొండల్లోకి చొచ్చుకొచ్చిన ఒక వంపులో ఉంది. ఊరంటే ఇరవై ఇళ్ళు. మా తాతలు శ్రీకాకుళం పల్లెల నుంచి డ్యామ్ పనికి వచ్చి, పని అయిపోయినా వెనక్కి వెళ్ళని వాళ్ళు. వెళ్ళకపోవడానికి కారణం ఆ నేలే. వానల్లో డ్యామ్ నిండుతుంది. మాఘం వచ్చేసరికి నీళ్ళు దిగడం మొదలవుతుంది. దిగినకొద్దీ నల్లని ఒండ్రు బయటపడుతుంది. అందులో వంగ, టమాటా, గుమ్మడి, మిరప, ఏది వేసినా విరగకాస్తుంది. మళ్ళీ ఆషాఢంలో నీళ్ళు ఎక్కేలోగా పండించుకున్నంత పండించుకోవాలి. నేల మాత్రం మాది కాదు, డ్యామ్ ఆఫీసుది. ఒడ్డు పొడుగునా సిమెంటు దిమ్మలు పాతి ఉండేవి. దిమ్మలకి పైన ఇళ్ళు, కింద సర్కారు.

నీళ్ళలో మునిగి తేలిన నేలకి గట్లు మిగలవు. మరి ఎవరి వంతు నేలచెక్క ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? దానికి మా వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది. ఎదురు కొండ మీద ఒక తెల్లరాయి ఉంది. మా ఒడ్డున ఒక జువ్విచెట్టు ఉండేది. చెట్టుని వీపుకి పెట్టుకుని, తెల్లరాయి వైపు సూటిగా బురదలో నడవాలి. నడుస్తుంటే ఎడమచేతి వైపు దూరంగా డ్యామ్ మీది దీపస్తంభం కనిపిస్తూ ఉంటుంది. ఏ అడుగు దగ్గర ఆ స్తంభం కొండ చాటుకి పోతుందో, అక్కడ అత్త చెక్కకి మొదటి కర్ర పాతాలి. మిగతా మూడు కర్రలూ దాన్నుంచి అడుగులతో కొలుచుకోవడమే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నన్ను ముందు నడిపించి ఇది నేర్పింది. "దీపం పోయిందేటమ్మి?" అని చెట్టు దగ్గర్నుంచి కేకేసేది. "ఇంకా నేదత్తా," అంటే, "అయితే నడువు," అనేది. మోకాలి లోతు చల్లటి బురద, ఒక్కో కాలూ పీకి పెడితే చప్పుడు చేసేది. "పోయిందత్తా," అనగానే వచ్చి నా కాళ్ళ మధ్య కర్ర దిగ్గొట్టేది. ఆ కర్ర జానెడు అటో ఇటో అయిందని ఏ ఏడూ ఎవరూ తగువు పెట్టలేదు. ఆ నేలే నన్ను పెంచింది, ఆ నేలే నన్ను కోరాపుట్ పంపించి కంప్యూటర్ నేర్పించింది. నందపూర్ సంతలో అత్త వంకాయ అంటే అడిగి కొనేవాళ్ళుండేవారు.

ఏటా నీళ్ళు దిగి నారు నాటగానే డ్యామ్ ఆఫీసు గార్డు సైకిలు మీద వచ్చేవాడు. ఇంటికో కాగితం ఇచ్చేవాడు. దాని మీద ఒడియాలో పెద్ద అక్షరాలతో 'జబర్‌దఖల్' అని ఉండేది. సర్కారు నేలని బలవంతంగా ఆక్రమించుకున్నారు అని అర్థం. కాగితం ఇచ్చి, గుమ్మడికాయ పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. అంతకు మించి ఎన్నడూ ఏమీ జరగలేదు. కాని ఆ మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. ముందున్న జబర్ అరిగిపోయి, దఖలు మిగిలింది. మా ఊళ్ళో దఖలు అంటే దొంగతనం. ఎవరి కోడిగుడ్డు పోయినా, "ఎవులో దఖలు సేసీసినారు," అనుకునేవాళ్ళు. నేను ఒకసారి పక్కింటి జామకాయ కోసుకొస్తే అత్త వీపు మీద ఒకటి వేసి, "ఈ దఖలు బుద్దులు నీకెక్కడివే?" అంది. అత్త అంత పరువు మనిషి. ఊళ్ళో ఇద్దరు దెబ్బలాడుకుంటే ఆవిడ ఏమంటుందోనని ఆగేవాళ్ళు.

కోరాపుట్‌లో చదువు అయ్యాక, భూమి కాగితాలు చూసే ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాను. అక్కడ తెలిసింది నాకు, దఖల్ అంటే దొంగతనం కాదని. ఒడియా కాగితాల్లో దఖల్ అంటే ఉత్త అనుభవం. నేల ఎవరి పేరున ఉన్నా, దాన్ని ఏళ్ళ తరబడి ఎవరు సాగు చేసుకుంటున్నారో వాళ్ళది దఖల్. జబర్ చేరితే నేరం. చేరకపోతే అదే హక్కుకి మొదటి ఆధారం. తెలిసిన రోజున కుర్చీలో కూచుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అత్తకి చెప్పాలి అనుకున్నాను. వెళ్ళాను, వంకాయ కూర కడుపు నిండా తిన్నాను, పడుకున్నాను. చెప్పడం మర్చిపోయాను.

రెండేళ్ళ తర్వాత ఆ ఒడ్డు చేతులు మారే పని మా ఆఫీసుకే వచ్చింది. డ్యామ్ ఆఫీసు చేతిలో ఉన్న ఒడ్డు నేలని పర్యాటకం చూసుకునే వాళ్ళకి అప్పగించాలి. పడవలు వస్తాయి, కాటేజీలు వస్తాయి, రోడ్డు వస్తుంది. అప్పగించే ముందు ఆ నేల ఎవరి దఖల్‌లో ఉందో ఊరూరా అడిగి రాయాలి. దఖల్ ఉన్నవాళ్ళకి దిమ్మల పైన వేరే చోట సాగు నేల చూపించాలి. ఆ సంగతి నాకు తెలియదని ఎవరూ అనలేరు. ఉత్తర్వు నకలు టైపు చేసింది నేనే.

మా ఊరి వంతు వచ్చినప్పుడు మా ఆఫీసు సారు నన్ను పిలిచారు. ఆయన కటక్ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. మా ఊళ్ళో వాళ్ళకి సంతలో బేరమాడే ఒడియా తప్ప ఆఫీసు ఒడియా రాదు. "నీకు తెలుగొచ్చు కదా, మధ్యన ఉండి అడిగి రాయి," అన్నారు. అది మా ఊరేనని నేను చెప్పలేదు. నా కాంట్రాక్టు పొడిగించే కాగితం అప్పుడు ఆయన బల్ల మీద ఉంది. ఆయన దగ్గర నేను పట్నం పిల్లని. ఇస్త్రీ చీర కట్టుకుని, ఒడియాలో గడగడ మాట్లాడుతూ, మధ్యాహ్నం స్టీలు డబ్బాలో చపాతీ తినేదాన్ని. బురదలో కర్రలు పాతే ఇంటి నుంచి వచ్చానని ఆయనకి తెలిస్తే పని పోతుందనేమీ కాదు. నాకే ఇష్టం లేదు.

అదీ కార్తీకంలో వెళ్ళాం. డ్యామ్ అంచుల దాకా నిండి ఉంది. నేలని ఎవరు సాగు చేస్తున్నారో చూడటానికి నేలే కనబడని రోజుల్లో వెళ్ళాం. ఇందులో ఎవరి కుట్రా లేదు, ఆఫీసు జీపు అప్పుడు ఖాళీ అయింది, అంతే. కొలవడానికి వచ్చిన అమీను ఒడ్డున నిలబడి నీళ్ళ వైపు చూసి, గొలుసు సంచిలోంచి తియ్యకుండానే బీడీ ముట్టించుకున్నాడు.

జీపు దిగగానే అత్త ఎదురొచ్చింది. "ఓలమ్మి, నిన్నే పంపినారేటి?" అని రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. చేతులకి పేడ వాసన. ఆవు పాక కడుగుతూ వచ్చినట్టుంది. సారు చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాక వెనక్కి తీసుకెళ్ళి, పళ్ళ బిగువున చెప్పాను. "అందరి ముందూ అమ్మీ గిమ్మీ అనకు. మేడమ్ అను." అత్త నా మొహం చూసి, నా చీర చూసి, నవ్వింది. "మేడంగోరా? సర్లే తల్లీ, అలగే," అంది. తిరిగి వచ్చాక సారు ఎవరావిడ అని అడిగారు. ఊళ్ళో మనిషి సార్ అన్నాను.

ఊళ్ళో ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే ఉంది. అది అత్తదే. ఆఫీసుల వాళ్ళు ఎవరైనా వస్తే నిలబెట్టకూడదని కొని అటక మీద పెట్టుకుంది, మామూలు మనుషులు దాని మీద కూచోకూడదు. నేను కూడా ఎన్నడూ కూచోలేదు. దాన్ని దించి, చెంగుతో తుడిచి, సారుకి వేసింది. ఊరంతా నేల మీద కూచుంది. అందరూ అత్త వైపే చూస్తుండటం గమనించి సారు మొదట ఆవిడనే పిలిచారు.

ఫారంలో ప్రశ్న ఒకటే. సారు ఒడియాలో చదివారు. "ఏ జమి తుమ దఖల్‌రే అఛి కి?" ఈ నేల మీ దఖల్‌లో ఉందా అని. దాన్ని నేను తెలుగులో అడగాలి. నీళ్ళు దిగాక ఇక్కడ పంట వేసేది నువ్వేనా అని అడిగితే అయిపోయేది. నేను నోరు తెరిచేలోగా ఆ ఒక్క మాట అత్త చెవిన పడింది. ఆవిడ మొహం ఎర్రబడింది. చెంగు భుజం మీదికి లాక్కుని లేచి నిలబడింది.

"దఖలా? మాకు దఖలు నేదు బాబూ. నా పుట్టింట్నీ నేదు, నా అత్తింట్నీ నేదు. ఈ ఊల్లో ఎవులికీ నేదు. ఎవుల్నేనా అడుగు."

సారు కలం ఆపి నా వైపు చూశారు. ఆయన మంచి మనిషి, ఇది నేను దాచను. ఇరవై ఇళ్ళు ఒడ్డునే పెట్టుకుని నేల జోలికి పోకుండా ఎలా ఉంటారని ఆయనకే అనుమానం వచ్చింది. "ఇంకోసారి అడుగు. సరిగ్గా అర్థమయ్యేలా అడుగు," అన్నారు.

నాలుగు మాటలు చాలు. అత్తా, దొంగతనం కాదు, నీ వంగతోట గురించి అడుగుతున్నారు. అంతే. కాని అంటే అత్త అక్కడితో వదిలే మనిషి కాదు. దఖలంటే అదేటమ్మీ, మరిన్నాల్లూ సెప్పనేదేటే అంటుంది. నీళ్ళ వైపు చెయ్యి చాచి, అదిగో నా సెక్క అంటుంది. మన దీపం సంగతి బాబుకి సెప్పవే, నువ్వే కదే ముందు నడిసేదానివి అంటుంది. నా మోకాళ్ళ బురదంతా సారు ముందు నా చేతే ఒడియాలో కుమ్మరింపిస్తుంది. నేను అత్త మొహం చూడలేదు. ఫారం చూస్తూ, "లేదంటోంది సార్. ఎప్పుడూ లేదంటోంది," అన్నాను.

ఎప్పుడూ అన్న మాట అత్త అనలేదు. అది నేను చేర్చాను. పని తొందరగా తెమలాలని చేర్చి ఉంటాను.

అత్త అన్నాక మిగతావాళ్ళు ఆగుతారా? ఒకరి తర్వాత ఒకరు లేచి, దఖలు నేదు, దఖలు నేదు అని వేలిముద్రలు వేశారు. కొందరు ప్రశ్న పూర్తిగా వినను కూడా వినలేదు. ఒకాయన పొరుగింటాయన మంచం పట్టి రాలేదని, "ఆడికీ నేదు బాబూ, ఆడిది నేను సెప్తన్నాను," అన్నాడు. అదీ రాశాను. గంటలో పని అయిపోయింది. ఇంత శుభ్రంగా ఏ ఊళ్ళోనూ కాలేదని సారు అన్నారు. జీపెక్కుతుంటే అత్త వెనక సీట్లో బీరకాయల సంచి పెట్టి, నా చెవి దగ్గరకి వంగింది. "బాగా సెప్పేనా మేడంగోరూ?" అంది నవ్వుతూ. బాగా చెప్పావన్నాను.

నెల తిరిగేలోగా నా కాంట్రాక్టు పొడిగించారు. ఒడ్డు కూడా చేతులు మారింది. ఆ కాగితంలో మా ఊరి గురించి ఉన్నది ఒకటే వాక్యం, నేల ఖాళీ, ఎవరి దఖలూ లేదు. ఆ వాక్యాన్ని అత్త ఊరేగించింది. "మా అమ్మి సర్కారు కాగితం మీద రాయించింది, ఈ ఊల్లో దొంగలు నేరని," అని నందపూర్ సంతలో తెలిసినవాళ్ళందరికీ చెప్పింది. దామంజోడికి ఫోన్ చేసి మా నాన్నకి చెప్పింది. గుణుపురం చుట్టాలకి కూడా చెప్పిందట. ఇక మీదట గార్డు కాగితాలు తేడు చూడండి అంది. అది నిజమే అయింది. గార్డు కాగితాలు తేవడం మానేసి ముళ్ళతీగ తెచ్చాడు.

అభివృద్ధి రాలేదని నేననను. వచ్చింది. పెద్ద రోడ్డు నుంచి తారు వేశారు, సరిగ్గా గేటు దాకా. గేటు పక్కనుంచి మా ఊరికి పోయే మట్టిబాట మట్టిబాటగానే ఉంది. ఒడ్డున రంగురంగుల దీపాలు పెట్టారు. వెదురులా కనబడే సిమెంటు కాటేజీలు, నీళ్ళ మీద తేలే ప్లాస్టిక్ వంతెన, బాతు పడవలు, ముందు నిలబడి ఫోటో దిగడానికి ఎర్రటి గుండె బొమ్మ. చూపుకి అడ్డమని జువ్విచెట్టు కొట్టేసి ఆ చోట టికెట్టు గది కట్టారు. ఊళ్ళో ఇద్దరికి పని దొరికింది, ఒకరికి పడవల దగ్గర, ఒకరికి మరుగుదొడ్ల దగ్గర. కాటేజీల వంటకి కూరగాయలు విజయనగరం నుంచి వ్యానులో వస్తాయి, వంకాయలతో సహా.

ఆదివారాలు దామంజోడి నుంచి కుటుంబాలు వస్తాయి. మా నాన్న కూడా తోటివాళ్ళతో ఒకసారి వచ్చి, బాతు పడవలో కూచున్న ఫోటో నాకు పంపించాడు. చాలా బాగుందమ్మా అని రాశాడు. ఆ పడవ కింద ఉన్నది తన అక్క పొలమని ఆయనకి తట్టలేదు. మా ఆఫీసు వాళ్ళం కూడా వెళ్ళాం. సారు నీళ్ళ వైపు చూపించి, ఇక్కడ ముందు ఏముండేది, ఉత్త బురద, అన్నారు. అందరూ అవునన్నారు. నేనూ అన్నాను. వంకాయ వేపుడు వడ్డించారు. గింజలెక్కువ, కొంచెం చేదు. తిన్నాను.

మొదటి మాఘం కట్టుబడి లారీల కింద పోయింది, ఎవరూ నారు వెయ్యలేదు. మళ్ళీ మాఘం వచ్చింది, నీళ్ళు దిగాయి. ఊళ్ళో వాళ్ళు తీగ దగ్గర దాకా వచ్చి, నిలబడి చూసి, వెనక్కి పోయారు. అత్త ఆగలేదు. ఆవిడ ప్రకారం ఆగాల్సిన పనే లేదు. సర్కారు నేల ఒక సర్కారు చేతిలోంచి ఇంకో సర్కారు చేతిలోకి పోయింది, తను దొంగ కాదని కాగితం ఉంది, ఇంక భయమేమిటి? వంగనారు గంపలో పెట్టుకుని పట్టపగలే తీగ కింద నుంచి దూరింది. జువ్విచెట్టు లేదు కదా. టికెట్టు గది గోడకి వీపు ఆనించి, తెల్లరాయి వైపు నడిచిందట. స్తంభం చాటుకి పోయిన చోట కర్ర పాతింది. నాలుగు కర్రలూ పాతి, సగం నారు నాటేసరికి గార్డు వచ్చి పట్టుకున్నాడు. పైన వంతెన మీద నిలబడ్డ జనం ఫోన్లలో వీడియో తీశారు. అది చేతులు మారి మారి నాకూ వచ్చింది. ఒక ముసలామె బురదలో వంగి ఉంది, తీస్తున్న ఆడమనిషి, ఎంత ముద్దుగా ఉందో చూడండి, అని హిందీలో అంటోంది.

కేసు పేరు జబర్‌దఖల్. విచారణ మా ఆఫీసులోనే, ఆ సారు ముందే. కడుపునొప్పి అని తప్పించుకోబోయాను. నువ్వు తప్ప తెలుగు ఎవరికొచ్చు అన్నారు సారు.

అత్త ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. నన్ను చూడగానే మొహంలో ధైర్యం వచ్చింది. అయినా దగ్గరికి రాలేదు, పలకరించలేదు. నేను చెప్పింది గుర్తుపెట్టుకుంది. సారు పాత ఫారం తీసి వేలిముద్ర చూపించారు. "అప్పుడు దఖల్ లేదన్నావు. ఇప్పుడెందుకు దఖల్ చేశావు?" అని అడిగారు. నేను తెలుగులో చెప్పాను. ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

"నాను దఖలు సెయ్యనేదు బాబూ. నా సెక్కలో నాను నారేసుకున్నాను," అంది అత్త. తర్వాత చెయ్యెత్తి నన్ను చూపించింది. "ఆ మేడంగోర్ని అడుగు. మాకు దఖలు నేదని ఆవిడే రాసింది. ఆవిడికి అంతా తెలుసు. సెప్పండి మేడంగోరూ."

సారు నా వైపు తిరిగారు. ఆ రోజు రాసింది నువ్వే కదా, ఈమె ఏం చెప్పింది అని అడిగారు. గదిలో గార్డు ఉన్నాడు, టికెట్టు గది మనిషి ఉన్నాడు. అత్త నా మొహంలోకి చూస్తూ, చెప్పు చెప్పు అన్నట్టు తల ఊపుతోంది. చిన్నప్పుడు నేను ఎక్కాలు చదువుతుంటే, తనకి రాకపోయినా ఎదురుగా కూచుని అలాగే ఊపేది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెబితే పాత ఫారం తప్పని తేలుతుంది, రాసింది ఎవరని వస్తుంది, చుట్టరికం బయటికొస్తుంది.

"దఖల్ లేదనే చెప్పింది సార్," అన్నాను.

నేను ఒడియాలో అన్నా అత్తకి అర్థమైంది. హమ్మయ్య అని గోడకి ఆనుకుంది. తనకి ఏ అనుభవమూ లేదని తానే ఒప్పుకున్న నేలలోకి తెలిసి తెలిసి ప్రవేశించింది, అని సారు రాసుకున్నారు. పెద్ద వయసు చూసి హెచ్చరికతో వదిలారు. కర్రలు పీకించాలి, నారు తీయించాలి, మళ్ళీ తీగ దాటితే ఊరుకునేది లేదు. వేలిముద్రకి చెయ్యి పట్టుకున్నది నేనే. ఆ వేలు పనికి అరిగి నున్నగా అయిపోయింది, మూడుసార్లు అద్దితే గాని ముద్ర పడలేదు.

మెట్లు దిగాక అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, "అమ్మీ, మిగతా నారు ఎప్పుడెయ్యమన్నారే?" అని అడిగింది. ఈ ఏడుకి వద్దన్నారు అని చెప్పి బస్సెక్కించాను.

ఎండాకాలంలో ఒక ఆదివారం వెళ్ళాను. అత్త గుమ్మంలో కత్తిపీట ముందు కూచుని వంకాయలు తరుగుతోంది. కొన్న వంకాయలు. మునిమాపటి సంతలో మిగిలిపోయినవి తెచ్చుకున్నట్టుంది, సగం పుచ్చే. నేను ఎప్పటిలాగే ఆవిడ పక్కన గోనెపట్టా మీద కూచున్నాను. పైవంపు ఊరి వాళ్ళకి దిమ్మల పైన నేల చూపించారని అత్త విన్నదట. వాళ్ళు దేశియా వాళ్ళు, మాట్లాడేది ఒడియాకి దగ్గరి మాటే, అక్కడ మధ్యన మాట చెప్పే మనిషి అవసరం పడలేదు. దఖల్ ఉందా అంటే ఉందన్నారు.

"ఆల్లకిచ్చి మనకెందుకియ్యనేదమ్మి?"

"ఆల్లు దఖలుందని సెప్పేరత్తా."

"దొంగలమని ఒప్పుకుంటే నేలిస్తారేటి?" అంది, నిజంగానే ఆశ్చర్యపోయి. "పోన్లే. అలాటి నేల మనకొద్దు."

అది విని ఉండలేకపోయాను. ధైర్యం వచ్చి చెప్పలేదు, ఆ పరువు చూడలేక చెప్పాను. దఖల్ అంటే ఏమిటో, జబర్ అంటే ఏమిటో, ఆ రోజు ఫారంలో ఏం అడిగారో చెప్పాను. అత్త చెయ్యి కత్తిపీట మీద ఆగిపోయింది. ఒక్కొక్కటే అడిగింది, బురదలో అడుగులు వేసినట్టు నెమ్మదిగా.

"అంటే ఆ బాబు, వంగతోట నీదేనా అని అడిగేడా?"

"అవును."

"నాను కాదన్నానా?"

"అవును."

"రెండోపాలి నీతో ఏదో అన్నాడు. ఏటన్నాడు?"

"సరిగ్గా అర్దమయ్యేటట్టు అడగమన్నాడు."

వంకాయ ముక్కలు నీళ్ళ గిన్నెలో వేసింది. నల్లబడకుండా చేత్తో అదిమింది.

"ఆ మాటకి అర్దం, నీకు అప్పటికే తెలుసా?"

తెలీదంటే నమ్మేది. నా మాట ఏనాడైనా నమ్మకుండా ఉంటే కదా. తెలుసు అన్నాను.

తిడుతుందనుకున్నాను. జామకాయ నాడు వేసినట్టు వీపు మీద ఒకటి వేస్తే బాగుండునని ఆశపడ్డాను. అత్త గిన్నె తీసుకుని లేచింది, కత్తిపీట మడిచి గోడకి పెట్టింది, లోపలికి వెళ్ళింది. అటక మీంచి ఏదో దించుతున్న చప్పుడు వినబడింది. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వచ్చింది. చెంగుతో దాని సీటు తుడిచింది, చేతులు తుడిచింది, వాకిట్లో నీడ ఉన్న చోట వేసింది.

"కింద కూకోకండి. సీర మాసిపోద్ది," అంది. "ఇలగ కూకోండి మేడంగోరూ."

ఆ గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. లేచి వెళ్ళి ఆ కుర్చీలో కూచున్నాను.